పక్షి కాలికి రింగు కనిపించిందా? అయితే ఇలా చెయ్యండి

చలికాలం మొదలైందంటే నా వాట్సాప్‌కి ఒక రకం ఫోటోలు రావడం మొదలవుతాయి. "అన్నా, మా చెరువు గట్టున ఒక పక్షి పడుంది, కాలికి కడియం లాగా ఏదో ఉంది, దాని మీద నంబర్లున్నాయి, పోలీసులకి చెప్పాలా?" అని ఒకరు, "ఊళ్ళో ఇది గూఢచారి పక్షి అంటున్నారు, నిజమేనా" అని ఇంకొకరు. మాది సూళ్లూరుపేట పక్క, పులికాట్ గట్టు మీదే పిట్టలు చూడ్డం మొదలుపెట్టాను, ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆ రింగు మీద నంబర్ చేరాల్సిన చోటికి చేరకపోతే దాన్ని వేసినవాళ్ళు పడ్డ కష్టమంతా అక్కడితో ఆగిపోయినట్టే.

ముందు ఆ రింగు సంగతి రెండు ముక్కల్లో. పక్షిని సన్నటి వలతో పట్టి, తూకం వేసి, రెక్క పొడుగు కొలిచి, కాలికి నంబర్ కొట్టిన తేలికపాటి లోహపు రింగు తొడిగి అక్కడికక్కడే వదిలేస్తారు. బండికి నంబర్ ప్లేట్ ఉన్నట్టే, ఒక రింగుకున్న నంబర్ ఇంకో దానికి ఉండదు. దీన్ని ఒక పద్ధతిగా మొదలుపెట్టింది 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే స్కూల్ టీచర్, 165 స్టార్లింగ్ పక్షులకి వేశాడు, అవి మన గోరింకల చుట్టాలే. మన దేశంలో 1927 నుంచి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అదే బీఎన్‌హెచ్‌ఎస్, ఈ పని చేస్తోంది. పెద్ద ఎత్తున మొదలైంది మాత్రం 1959లో, సలీం అలీ గారి ఆధ్వర్యంలో, దానికి డబ్బు సాయం చేసింది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పక్షులకీ ఆరోగ్య సంస్థకీ ఏంటి సంబంధం అంటారేమో, 1957లో కర్ణాటక క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపోయి మనుషులకి కొత్త జ్వరం వచ్చింది, ఆ వైరస్ రష్యా వైపు ఉండే వైరస్‌కి దగ్గరగా ఉండటంతో వలస పక్షుల ఒంటి మీద పిడుదులు మోసుకొచ్చాయేమో అని అనుమానం వచ్చింది, అసలు ఏ పక్షి ఎక్కడ నుంచి వస్తోందో తెలిస్తే కదా తేల్చడానికి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏడు లక్షలకి పైగా పక్షులకి రింగులు వేశారు. చిన్న పిట్టల్లో అయితే రింగు వేసిన వందలో ఒక్కదాని కబురు కూడా తిరిగి రాదు. అందుకే మీ కంట పడ్డ ఆ ఒక్కదానికి అంత విలువ.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

మొట్టమొదట: పట్టుకోకండి, పీకకండి

పక్షి బతికుండి, తిరుగుతుంటే దాని వెంట పడొద్దు. రింగు దానికి బరువు కాదు, బాధ కాదు, మనం చేతికి వాచీ పెట్టుకున్నట్టే అనుకోండి. నంబర్ కోసం పట్టుకుందాం అని వల వేస్తే అది 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసు అవుతుంది, పర్మిషన్ ఉన్న శాస్త్రవేత్తలకి తప్ప ఇంకెవరికీ ఆ హక్కు లేదు. పక్షి దెబ్బతగిలి పడుంటే గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకటిగా ఉంచి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, చాలామంది జాలితో ఈ తప్పు చేస్తారు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. దాని కాలి రింగు మాత్రం కాలికే ఉండనివ్వండి, ఫోటో తీసుకోండి చాలు.

చచ్చిపోయి ఉంటే ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు ఎలా పోయాయో మనందరం చూశాం. ఒక ప్లాస్టిక్ కవర్ తిరగేసి చేతికి తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని అప్పుడు చూడండి. ఒకే చోట నాలుగైదు పక్షులు చచ్చి పడుంటే అసలు దగ్గరికే పోవద్దు, దూరం నుంచి ఫోటో తీసి పశువుల డాక్టర్‌కీ ఫారెస్ట్ వాళ్ళకీ చెప్పండి, రింగు తర్వాత.

పావురమా, అడవి పక్షా

నాకొచ్చే ఫోటోల్లో ఎక్కువ ఇవే, అందుకని ముందు దీని సంగతి చెప్పేస్తా. చెన్నై వైపు పావురాల పందేలు బాగా ఆడతారు, దారి తప్పిన పందెం పావురం మన పక్క ఏ డాబా మీదో వాలుతుంది, కాలికి రింగు, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, ఏదో సంవత్సరం. వెంటనే ఊళ్ళో పుకారు లేస్తుంది. రింగుని దగ్గరగా చూడండి, అతుకు ఉందా? పందెం పావురానికి పిల్లగా ఉన్నప్పుడే, వారం పదిరోజుల వయసులో, అతుకు లేని రింగు దూర్చేస్తారు, పెరిగాక అది ఇక ఊడిరాదు. శాస్త్రవేత్తలు వేసే లోహపు రింగు మొదట సి అక్షరంలా తెరిచి ఉంటుంది, దాన్ని కాలికి పెట్టి ప్రత్యేకమైన పట్టకారుతో మూస్తారు కాబట్టి సన్నటి గీతలా అతుకు కనపడుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

2023 మే నెలలో ముంబైలో రేవు దగ్గర ఒక పావురం దొరికింది, కాళ్ళకి రెండు రింగులు, వాటి మీద చైనా అక్షరాల్లాంటివి ఉన్నాయని గూఢచారి అనుమానంతో ఎనిమిది నెలలు పంజరంలో పెట్టారు, చివరికి అది తైవాన్ పందెం పావురం అని తేలి 2024 జనవరి ఆఖర్లో వదిలేశారు. ఎనిమిది నెలలు! మీ ఊళ్ళో అలాంటిది దొరికితే గిన్నెలో నీళ్ళు, కాసిని జొన్నలో సజ్జలో పెట్టండి, ఒకటి రెండు రోజులు అలసట తీరాక చాలావరకు దాని దారిన అదే పోతుంది.

వీపు మీద చిన్న డబ్బా, దానికి సన్నటి తీగ ఉన్న పక్షులు కూడా కనపడతాయి, అది జీపీఎస్ ట్రాన్స్‌మిటర్, కెమెరా కాదు. 2011లో సౌదీలో ఒక రాబందుని ఇలాగే గూఢచారి అని పట్టుకున్నారు, దాని ఒంటి మీద ఉన్నది ఇజ్రాయెల్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన ట్యాగు. ఆ పరికరం ఖరీదు లక్షల్లో ఉంటుంది, పీకి ఇంట్లో పెట్టుకున్నా అది ఎక్కడుందో సిగ్నల్ చెప్పేస్తుంది, ముట్టుకోకుండా కబురు చెయ్యండి.

రింగు చదవడం, ఇక్కడే ఓపిక కావాలి

చచ్చిన పక్షి కాలి రింగు అయితే సులువు, తీసి అన్ని పక్కలా ఫోటో తియ్యండి. అరిగిపోయి నంబర్ కనపడకపోతే పల్చటి కాగితం దాని మీద పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే, కంటికి కనపడని అంకెలు కూడా కాగితం మీద తేలతాయి. చింతపండు పెట్టి తోమడం, గరుకు కాగితంతో గీకడం మాత్రం చెయ్యొద్దు, ఉన్న కాస్త అచ్చు కూడా పోతుంది. ఉప్పునీళ్ళలో తిరిగే పక్షుల అల్యూమినియం రింగులు అసలే తొందరగా అరిగిపోతాయి, అందుకే వాటికి గట్టి లోహం వాడతారు.

బీఎన్‌హెచ్‌ఎస్ రింగు మీద ఇంగ్లీషులో "ఇన్‌ఫార్మ్ బాంబే నాట్ హిస్ట్ సొసైటీ" అని ఉంటుంది, అంటే కబురు చెయ్యమని దాని మీదే రాసుంది, పక్కన ఒక అక్షరం, కొన్ని అంకెలు. రష్యా రింగు అయితే మాస్కో పేరు ఉంటుంది. నంబర్ ఒక్కటే కాదు, ఉన్న ప్రతి అక్షరం ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, మనకి అర్థం లేనట్టు కనపడేదే ఒక్కోసారి దేశం పేరు.

బతికున్న పక్షి అయితే వేరే కథ. నీళ్ళలో నిలబడ్డ పక్షి కాలి మీద నాలుగు మిల్లీమీటర్ల రింగు చదవడం అంటే మాటలు కాదు. పెద్ద జూమ్ కెమెరా ఉంటే మంచిది, లేకపోతే స్పాటింగ్ స్కోప్‌కి, అంటే పక్షులు చూసే చిన్న టెలిస్కోప్‌కి, ఫోన్ ఆనించి తియ్యొచ్చు. పొద్దున్నే వెళ్ళండి, సూర్యుడు మీ వీపు వెనకాల ఉండేలా నిలబడండి, తొమ్మిదిన్నర దాటితే పులికాట్ బురద మీద గాలి నీళ్ళలాగా అల్లాడిపోతుంది, ఇక ఎంత పెద్ద లెన్స్ ఉన్నా అక్షరం నిలబడదు. ఒక్క ఫోటోతో ఆగకండి, పక్షి అటూ ఇటూ తిరిగే కొద్దీ రింగు చుట్టూ ఉన్న అంకెలు ఒక్కోటీ బయటపడతాయి, ఒక ఫోటోలో రెండు, ఇంకోదాంట్లో మూడు, అన్నీ కలిపితే మొత్తం వస్తుంది. ముప్ఫై నలభై తియ్యండి, ఏదీ డిలీట్ చెయ్యొద్దు.

ఇంత కష్టం పడకుండా ఉండటానికే ఈ మధ్య లోహపు రింగుతో పాటు రంగు జెండాలు కూడా వేస్తున్నారు, అంటే కాలికి చిన్న ప్లాస్టిక్ ముక్క జెండాలా బయటికి పొడుచుకొస్తుంది, దాని మీద రెండు మూడు అక్షరాలు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో రంగు, లేదా రెండు రంగుల జత. వాయవ్య ఆస్ట్రేలియాలో వేసినవాటికి పసుపు, ఆస్ట్రేలియాలోనే విక్టోరియాలో వేసినవాటికి నారింజ, చైనాలో షాంఘై దగ్గర చోంగ్‌మింగ్‌లో వేసినవాటికి పైన నలుపు కింద తెలుపు. అక్షరాలు చదవలేకపోయినా రంగు, దాని చోటు సరిగ్గా రాస్తే ఏ దేశం నుంచో తెలిసిపోతుంది.

చోటు అంటే ఏంటో చెప్తా, ఇక్కడ నేను ఒకసారి పెద్ద అవకాశం పోగొట్టుకున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా. అటకానితిప్ప దగ్గర ఒక పిట్ట కాలికి జెండా చూశాను, అక్షరాలు రెండు చదివాను, రంగు రాసుకున్నాను, ఇంటికొచ్చాక మెయిల్ రాస్తుంటే ఏ కాలో గుర్తు రాలేదు. ఫోటో ఒక్కటే, అదీ మసక. ఆ వివరం లేకపోతే ఆ కోడ్ రెండు వేర్వేరు పక్షుల్లో ఏదైనా కావచ్చు అన్నారు. ఇప్పటికీ ఆ పిట్ట ఎవరో నాకు తెలీదు, బాధగానే ఉంటుంది.

అందుకని మూడు సంగతులు అక్కడే, ఆ గట్టు మీదే రాసుకోండి. ఒకటి, కుడికాలా ఎడమకాలా, అదీ పక్షి కుడి ఎడమలు, మనవి కాదు, అది మనకి ఎదురుగా నిలబడితే దాని కుడికాలు మనకి ఎడమ పక్కన కనపడుతుంది. రెండు, మోకాలులా వెనక్కి మడిచినట్టు కనపడే కీలుకి పైన ఉందా కింద ఉందా. మూడు, రెండు రంగులుంటే ఏది పైన, ఏది కింద. రంగుల విషయంలో జాగ్రత్త, తెల్లది బురద పట్టి పసుపులా, నారింజ ఎండకి వెలిసి పసుపులా కనపడుతుంది. అక్షరాల్లో ఓ కీ సున్నాకీ, ఎస్ కీ అయిదుకీ, బి కీ ఎనిమిదికీ తేడా కష్టం. అనుమానం ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టండి, ఊహించి పూర్తి చెయ్యొద్దు, తప్పు నంబర్ పంపితే ఇంకో పక్షి జాతకంలోకి అబద్ధం ఎక్కినట్టు.

మెడకి కాలర్ ఉన్న పెద్ద బాతులు కనపడితే అదృష్టం అనుకోండి. తల వెనక రెండు నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్‌లకి మంగోలియాలో మెడకి కాలర్లు వేశారు, వాటిని కర్ణాటక చెరువుల్లో మామూలు బైనాక్యులర్‌తో చదివినవాళ్ళున్నారు. హిమాలయాల మీదుగా దాటి వచ్చే బాతు, దాని మెడ మీద అక్షరాలు మనం గట్టు మీద కూర్చుని చదువుతున్నాం, ఆ అనుభూతి వేరు.

ఎవరికి, ఏం రాసి పంపాలి

మన దేశంలో దొరికింది ఏ దేశపు రింగైనా సరే బీఎన్‌హెచ్‌ఎస్‌కి పంపితే వాళ్ళు అవతలి దేశంతో మాట్లాడతారు. ముంబైలో షహీద్ భగత్ సింగ్ రోడ్‌లో హార్న్‌బిల్ హౌస్ వాళ్ళ ఆఫీసు, వెబ్‌సైట్‌లో మెయిల్ అడ్రస్ ఉంటుంది. యూరప్ రింగులకి యూరింగ్ అనే సంస్థ వెబ్‌సైట్ ఉంది, దేశం తెలీకపోయినా అందులో పెట్టొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి పార్కుల్లో కెనడా గూస్‌ల కాళ్ళకి రింగులు కనపడుతూనే ఉంటాయి, అక్కడ బర్డ్ బ్యాండింగ్ ల్యాబొరేటరీ 1920 నుంచి ఉంది, ఆన్‌లైన్‌లో నంబర్ కొడితే ఆ పక్షి వివరాలతో సర్టిఫికెట్ కూడా పంపిస్తారు, పిల్లలతో చేయించండి ఈ పని. ఇక్కడ పక్షి పేరు తెలీక ఇబ్బంది పడితే హైదరాబాద్ డెక్కన్ బర్డర్స్ లాంటి గ్రూపుల్లో అడగండి, ఫోటో చూసి చెప్పేస్తారు.

మెయిల్‌లో కథ అక్కర్లేదు, ఇవి ఉంటే చాలు: రింగు మీద ఉన్నదంతా, రంగులు, ఏ కాలు, కీలుకి పైనా కిందా. చూసిన తేదీ, మెయిల్ రాసే తేదీ కాదు. చోటు, ఊరు, మండలం, జిల్లాతో పాటు ఫోన్ మ్యాప్‌లో వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే రెండు నంబర్లు. పక్షి పేరు, తెలీకపోతే ఫోటో. బతికుందా, చచ్చిందా, చస్తే ఎలా, కరెంటు తీగ తగిలా, వలలో పడా, కుక్క పట్టా. చచ్చి ఎన్నాళ్ళయి ఉంటుంది, అంటే తాజాగా ఉందా, ఎముకలేనా. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, కానీ ఎముకల గూడు దొరికితే ఆ తేదీ పక్షి చచ్చిన తేదీ కాదు కదా, అది చెప్పకపోతే లెక్క తప్పుతుంది. జవాబుకి వారాలు పట్టొచ్చు, నెలలు కూడా పట్టొచ్చు, అవతలి దేశం వాళ్ళు పాత రిజిస్టర్లు వెతకాలి మరి.

వేటగాడి దగ్గర రింగు ఉంటే

ఇది మాట్లాడటానికి ఇబ్బందైన విషయం కానీ మాట్లాడాలి. చాలా రింగులు వచ్చేది వేటాడినవాళ్ళ చేతుల్లోంచే. బాతుల్ని పట్టినవాడికి రింగు దొరుకుతుంది, భయపడి పారేస్తాడు, లేకపోతే దాచుకుంటాడు. ఒకసారి సరస్సు అంచున వల బాగుచేసుకుంటున్న తాత దగ్గర కూర్చున్నాను, ఆయన మొలతాడుకి తాళంచెవితో పాటు ఒక చిన్న లోహపు చుట్ట వేలాడుతోంది. ఏంది తాతా అది అంటే, "పిట్ట కాలిదిరా నైనా, శానా నాళ్ళైంది, తుఫాను వచ్చిన ఏడు" అన్నాడు. చేతిలోకి తీసుకుని చూస్తే తాళంచెవి రాపిడికి ఒక పక్కంతా నున్నగా అయిపోయింది, మూడంకెలు మాత్రం మిగిలాయి, అయిదో ఆరో ఉండాల్సినచోట. కాగితం పెట్టి రుద్దినా రాలేదు. ఏ తుఫానో ఆయనకి గుర్తులేదు, ఏ పిట్టో కూడా "సన్నపిట్ట" అనే తప్ప చెప్పలేకపోయాడు. ఆ పిట్ట కబురు అంతటితో పోయింది.

ఆ రోజు ఆయన్ని ఎందుకు చంపావు అని నిలదీసి ఉంటే ఆ చుట్ట కూడా నాకు చూపించేవాడు కాదు. కాబట్టి నా అభిప్రాయం, ముందు నంబరు, తేదీ, చోటు అడగండి, కోప్పడటం తర్వాత. నెమ్మదిగా, ఇది ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకుందామా తాతా అంటే వాళ్ళకీ కుతూహలమే. పక్షి గురించి మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు, బీఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ రింగుల పనిలో పేరు మోసిన అలీ హుస్సేన్ బీహార్‌లో తరతరాలుగా పక్షులు పట్టే మీర్‌షికార్ కుటుంబం నుంచి వచ్చినాయనే. మన కడపలో కలివికోడి, అంతరించిపోయింది అనుకున్నది, 1986లో మళ్ళీ దొరికింది కూడా ఐతన్న అనే స్థానిక వేటగాడి వల్లే.

జవాబు వచ్చాక దాన్ని ఎలా చదవాలి

జవాబులో పక్షి పేరు, రింగు వేసిన తేదీ, చోటు, అప్పటి వయసు, అక్కడికీ ఇక్కడికీ దూరం ఉంటాయి. దూరం అంటే తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం, పక్షి తిరిగి తిరిగి వచ్చింది అంతకంటే చాలా ఎక్కువ. వయసు దగ్గర కూడా జాగ్రత్తగా చూడండి. గూట్లో పిల్లగా ఉన్నప్పుడు రింగు వేస్తే పుట్టిన సంవత్సరం తెలిసినట్టే, 1982లో ఇంగ్లండ్ ఫార్న్ దీవుల్లో ఎగరడం కూడా రాని ఆర్కిటిక్ టెర్న్ అనే సముద్రపు పక్షి పిల్లకి రింగు వేస్తే అదే ఏడాది అక్టోబర్‌కి ఆస్ట్రేలియా మెల్‌బోర్న్‌లో తేలింది, మూడు నెలల్లో 22,000 కిలోమీటర్లు, పుట్టిన ఏడే! అదే పెద్ద పక్షికి వేస్తే వచ్చేది "కనీస వయసు" మాత్రమే. పసిఫిక్‌లో మిడ్‌వే దీవిలో 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే పక్షి శాస్త్రవేత్త ఒక ఆల్బట్రాస్‌కి, అంటే పెద్ద సముద్రపు పక్షికి, రింగు వేశాడు, అప్పటికే అది గుడ్లు పెట్టే వయసు, అంటే అయిదేళ్ళకి తక్కువుండదు. 2002లో అదే రాబిన్స్ చేతికి అదే పక్షి మళ్ళీ దొరికింది. విజ్‌డమ్ అని పేరు పెట్టారు, 2024 ఆఖర్లో కూడా గుడ్డు పెట్టింది, లెక్కేస్తే డెబ్భై దాటిన వయసు. ఆ రింగు లేకపోతే ఆ తెల్ల పక్షుల గుంపులో అదొక మామూలు పక్షి, అంతే.

ఒక్క రింగుతో వందల ఏళ్ళ వాదన తీరిపోయిన సందర్భం కూడా ఉంది. వానకోయిలలు చలికాలంలో ఏమవుతాయో యూరప్‌లో ఎవరికీ తెలిసేది కాదు, చెరువు బురదలో పడుకుంటాయని కూడా నమ్మేవాళ్ళు. 1911 మేలో ఇంగ్లండ్‌లో ఒక ఇంటి దగ్గర రింగు వేసిన వానకోయిల 1912 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా నటాల్‌లో ఒక రైతు ఇంట్లో దొరికింది. ఆ రైతు రింగు మీద ఉన్న అడ్రస్‌కి ఉత్తరం రాశాడు కాబట్టి మనకి తెలిసింది, రాయకపోతే?

ఇక మన దగ్గర విషయం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి, టెక్కలి వైపు తేలినీలాపురం, ఖమ్మం పక్క చింతపల్లి, మా నేలపట్టు, ఈ ఊళ్ళ గురించి ఎప్పుడు రాసినా "సైబీరియా పక్షులు" అనే రాస్తారు. ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలని అంటారు, చెట్టు కొట్టరు, పండక్కి టపాకాయలు కాల్చరు, ఆ ప్రేమకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ తేలుకుంచికి వానల్లో వచ్చి గూళ్ళు కట్టే నత్తగుల్ల కొంగలు సైబీరియా మొహం చూసినవి కావు. ఆలోచించండి, సైబీరియా పక్షి గుడ్లు పెట్టేది ఎండాకాలంలో సైబీరియాలోనే, ఇక్కడికి చలికి తట్టుకోలేక తిండికి వస్తుంది తప్ప ఇక్కడ గూడు కట్టదు. రింగులు ఏం చెప్పాయంటే, భరత్‌పూర్‌లో రింగు వేసిన నత్తగుల్ల కొంగ పిల్ల తూర్పుగా 800 కిలోమీటర్ల దూరంలో దొరికింది, థాయ్‌లాండ్‌లో వేసిన ఇంకోటి పడమరగా 1500 కిలోమీటర్లు వచ్చి బంగ్లాదేశ్‌లో దొరికింది. అంటే అవి నీళ్ళు, నత్తలు ఎక్కడుంటే అక్కడికి మన ప్రాంతంలోనే తిరిగే పక్షులు, మన పక్షులు. ఊరి ఆడపిల్ల అన్న మాటే నిజం, సైబీరియా అన్నదే తప్పు. ఎర్రకాళ్ళ కొంగా, గూడబాతూ కూడా అంతే.

మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చేది ఎవరంటే, ఆ కొంగల కాళ్ళ దగ్గర బురదలో గబగబా పరిగెడుతూ ముక్కుతో కుట్టుమిషన్‌లా పొడుస్తుండే ఉల్లంకి పిట్టలు. కర్లూ శాండ్‌పైపర్, లిటిల్ స్టింట్ లాంటివి, ఒక నిమ్మకాయంత బరువు కూడా ఉండదు లిటిల్ స్టింట్, 25 గ్రాములు అటూ ఇటూ. ఉత్తర ధృవం అంచున మంచు కరిగే నేలల్లో పుట్టి పులికాట్‌కి, ఇంకా కిందకి తమిళనాడు కోడియక్కరైకి వస్తాయి, అక్కడ బీఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు ఏళ్ళ తరబడి వీటికి రింగులు వేస్తూనే ఉన్నారు. మన టూరిస్టులు ఫ్లెమింగోల ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు, వీటివైపు కెమెరా తిప్పరు. రంగు జెండాలు ఎక్కువగా కనపడేది వీటి కాళ్ళకే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడు వెళ్ళినా ఒక్క అరగంట ఆ చిన్న పిట్టల కాళ్ళు వరసగా చూసుకుంటూ పొండి, గుంపులో వెయ్యి ఉంటే ఒకదానికి ఉండొచ్చు, అసలు ఉండకపోవచ్చు. జెండా లేదు అని రాసుకున్న రోజు కూడా ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల లెక్కలు ఎక్కించే వెబ్‌సైట్‌లో, ఆ లెక్క ఎక్కించండి, ఎన్ని చూస్తే ఎన్ని కనపడ్డాయో అదీ పరిశోధన చేసేవాళ్ళకి కావాలి.

ఇంకొక్క మాట, ఇది చదివి మనమే రింగులు వేద్దాం అని ఎవరూ అనుకోకండి. పిల్లలు బుల్బుల్ కాలికి దారం కట్టి వదలడం నేను చూశాను, ఆ దారం కొమ్మకి చుట్టుకుని తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. అసలు రింగు సైజు ఒక్కో జాతికి ఒక్కోటి, కొలిచి తయారు చేసింది. నేర్చుకోవాలనిపిస్తే పర్మిషన్ ఉన్న క్యాంపులకి వాలంటీర్‌గా వెళ్ళండి, వలలోంచి పిట్ట కాలు విరక్కుండా తీయడం నేర్చుకోడానికే చాలా రోజులు పడుతుంది.

జవాబు మెయిల్ మీకే వస్తుంది, ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని అక్కడితో ఆపకుండా ఆ రింగు మీకు ఇచ్చినాయన దగ్గరికి, చేపల తాత కానీ, గొర్రెలు మేపే పిల్లాడు కానీ, వెళ్ళి తెలుగులో చదివి వినిపించండి, ఫోన్లో మ్యాప్ తెరిచి ఇదిగో ఇక్కడ నుంచి ఇక్కడికి అని వేలితో చూపించండి. మీ ఫోన్ నంబర్ ఆయన దగ్గర కాగితం మీద పెద్దంకెలతో రాసి పెట్టి రండి.